వియ్యపురాలి నేల కింద మా అబ్బాయి

గత అక్టోబరు రెండో సోమవారం పొద్దున మా అబ్బాయి వారం రోజులు సెలవు పెట్టి, పాత ప్యాంటు వేసుకుని, ముఖానికి మాస్కు తగిలించుకుని ఇంటి నేల కింద దూరాడు. నా ఇంటి నేల కింద కాదు. మా వియ్యపురాలి ఇంటి నేల కింద.

మేముండేది ఇంగ్లండులో, స్విండన్ ఊరి పొలిమేరలో, యాభై దాటినవాళ్లకు మాత్రమే ఇళ్లమ్మే పార్కులో. పార్కంటే పూలమొక్కలూ ఉయ్యాలలూ కాదు, మొబైల్ హోములు వరుసగా నిలబెట్టిన చోటు. పేరుకే మొబైల్. ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చి ఒకసారి కూర్చున్నాక ఇక కదలవు. భూమికి రెండడుగుల ఎత్తున ఇనప చట్రం, దాని మీద చెక్క దూలాలు, వాటి మీద చెక్క పలకలు, ఆ పైన వినైల్ షీటు. అదే మన నేల. అడుగుభాగం బయటికి కనబడకుండా చుట్టూ పొట్టి ఇటుక గోడ కడతారు. ఆ గోడకు అక్కడక్కడా గాలి జాలీలు, ఒకచోట మనిషి పాకి వెళ్లేందుకు చిన్న తలుపు ఉంటాయి. చలి పైకి రాకుండా దూలాల మధ్య పచ్చటి దూదిలాంటి గ్లాస్‌వూల్ దట్టించి, జారకుండా కింద ఒక పట్టా కొడతారు. పట్టా చిరిగిందా, ఊలు తడిసి వేలాడుతుంది. ఇక హీటర్ ఎంత తిప్పినా పాదాలకు తడిగుడ్డ చుట్టుకున్నట్టే.

ఇవన్నీ ఇల్లు కొనకముందే చదివి తెలుసుకున్నాను. ఈ ఊళ్లోనే ఒక ఇంజనీరింగ్ కంపెనీ జీతాల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని, చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. మా ఆయన పోయాక పెద్ద ఇల్లు అమ్మేసి ఇక్కడికి వచ్చాను. సరిగ్గా రెండేళ్లకు మా వియ్యపురాలు, అంటే మా కోడలి తల్లి, షెఫీల్డ్‌లో ఇల్లు ఖాళీ చేసి నా ఎదురిల్లే కొనుక్కుంది. ఆవిడ భర్త అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఆయనా పోయాడు.

"వదినగారు ఎదురుగా ఉండగా నాకేం భయమండి" అంది సామాన్లు దిగిన రోజున.

భయం సంగతి ఏమో గాని, ఎండ మాత్రం ఆవిడదే అయింది. మధ్యాహ్నం రెండు దాటితే నా గుమ్మంలో నీడ, ఆవిడ గుమ్మంలో ఎండ. అక్కడ కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ "ఇటు వచ్చి కూర్చోండి వదినగారూ, మీకు పాపం ఎండ రాదు కదా" అని పిలుస్తుంది. ఆ "పాపం" నాకు నచ్చదు.

పోయిన వేసవి చివర రెండిళ్లకూ నేల కింద ఊలు పాడైందని తేలింది. నా ఇంట్లో తప్పు ఎలకలది. పట్టా కొరికి గూళ్లు కట్టుకున్నాయి. ఆవిడ ఇంట్లో తప్పు ఆవిడది. ఆవిడ టబ్బులో నుంచుని స్నానం చేయదు. టబ్బు పక్కన పీట వేసుకుని, బకెట్టులో వేణ్ణీళ్లు తొలుపుకుని, చెంబుతో పోసుకుంటుంది. "ఆ జల్లు కింద నుంచుంటే వానలో తడిసినట్టుంటుంది గాని స్నానం చేసినట్టుంటుందాండి?" అంటుంది. ఇక్కడి స్నానాల గదిలో నేలకు తూము ఉండదు. ఆ నీళ్లన్నీ వినైల్ అంచుల్లోంచి పలకల్లోకీ, పలకల్లోంచి ఊలులోకీ దిగాయి. అది చాలదని చలి వస్తోందంటూ గాలి జాలీల్లో తన పాత నేత చీరలు చుట్టచుట్టి కుక్కింది. ఇక తడి ఆరే దారేది? స్నానాల గది ముందు నేల అడుగేస్తే దిగబడుతోంది.

పార్కు తరఫున చూడ్డానికి వచ్చిన మనిషి చెప్పిన ఖర్చు విని మా అబ్బాయి, "ఐ విల్ డూ ఇట్ మైసెల్ఫ్" అన్నాడు. వాడికి తండ్రి చెయ్యి వచ్చింది. పాత ఊలు లాగిపారేసి, దూలాల మధ్య గట్టి ఫోమ్ బోర్డులు బిగించి, సందుల్లో ఆరాక గట్టిపడే నురుగు కొట్టి, కింద ఎలకలు కొరకని ఇనప జల్లెడ వేస్తానన్నాడు. ఒక్కో ఇంటికి రెండు రోజుల పని.

ముందు ఎవరి ఇల్లన్నదే ప్రశ్న. ఆదివారం సాయంత్రం మొగుడూ పెళ్లాలు ఇద్దరూ నా సోఫాలో కూర్చున్నారు. మాట్లాడింది కోడలు.

"అత్తయ్యా, అమ్మ ఇంట్లో నేల బాగా మెత్తబడిపోయింది. ఎప్పుడైనా కాలు దిగబడితే కష్టం. ముందు అది చేసేద్దాం. బుధవారం పొద్దున నుంచి మీది."

"అలాగేనమ్మా. నేనేమన్నా పీట వేసుకుని పోసుకున్నానా, నాకేం తొందర" అన్నాను.

మా అబ్బాయి నవ్వాడు. "మమ్, ప్లీజ్" అన్నాడు. వాడు నాతో అనే మాటల్లో సగం ఆ రెండే.

కోడలు చెప్పింది న్యాయమే. న్యాయమని తెలిసినంత మాత్రాన కడుపులో మంట చల్లారదు. ఆ వారం వాడు నా కొడుకా, ఆవిడ అల్లుడా అన్నది నాకు తేలాలి. ఇంతకన్నా మర్యాదగా దీన్ని ఎలా రాయాలో నాకు తెలియదు.

సోమవారం పొద్దున ఎనిమిదికి వాడు వచ్చాడు. నా కిటికీలోంచి అంతా కనబడుతుంది. నేను అంట్లు కడుక్కుంటూనే చూశాను, నిలబడి చూడలేదు. వాడు ఇటుక గోడ తలుపు తీసి లోపలికి తల పెట్టేలోగా ఆవిడ కాఫీతో బయటికి వచ్చింది. కాఫీ అయ్యాక పెసరట్లు. పదకొండుకు వాడు ఒళ్లంతా పచ్చటి నూగుతో బయటికి పాకివస్తే, చేతులు కడుక్కోవడానికి స్టీలు చెంబుతో వేణ్ణీళ్లు పట్టుకుని నిలబడింది. గుమ్మం పక్కన కుళాయి ఉంది. అల్లుడు కుళాయి తిప్పుకుంటే పరువు తక్కువ కాబోలు.

ఆవిడది గోదావరి జిల్లా. అల్లుణ్ణి ఎలా చూసుకోవాలో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. సాయంత్రం నన్ను చూసి వీధి దాటి వచ్చింది, దాదాపు ఏడుపు ముఖంతో.

"మా ఊళ్లో తెలిస్తే నా ముఖాన ఉమ్మేస్తారండి వదినగారూ. అల్లుడు మంచం మీంచి కాలు కింద పెడితే చాప వేసేవాళ్లం. నేను ఏకంగా నేల కిందకే పంపించాను!"

"అయితే పంపకండి. ఇటు పంపండి. నా కింద పాకితే తప్పు లేదు, నేను కన్నతల్లిని."

"ఆయ్, మీకేంటండి, మీరు అదృష్టవంతులు" అని, పళ్లెం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పళ్లెంలో గారెలు. వాడికి వండగా మిగిలినవి.

మంగళవారం కోడి పులుసు. కిటికీలోంచి వాసన రాలేదు గాని, ఒంటి గంటకు లోపలికి వెళ్లినవాడు మూడైనా బయటికి రాలేదు. తర్వాత తెలిసింది, సోఫాలో నిద్రపోయాడట. ఆవిడ దుప్పటి కప్పి, టీవీ గొంతు తగ్గించి, చప్పుడు కాకుండా కూర్చుందట. రెండు రోజుల పని అలా సగమైనా కాలేదు. బుధవారం పొద్దున నేను ఇంట్లో వంటింటి వస్తువులన్నీ జరిపి, నేల ఖాళీ చేసి, వాడు వస్తాడని కూర్చున్నాను. వాడు ఎదురింటికే వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం ఒక సంగతి జరిగింది. ఆ ఇంటి మధ్యలో, లారీ మీద వచ్చినప్పటి ఇరుసు ఇంకా అలాగే ఉంది. దాని కింది నుంచి అవతలికి వెళ్లాలి. సోమవారం వెళ్లినవాడు బుధవారం వెళ్లలేకపోయాడు. ఇరుసు దగ్గర ఆగిపోయి, వెనక్కి పాకి వచ్చి, గడ్డి మీద వెల్లకిలా పడుకుని నవ్వుతున్నాడు. నేను ఇక ఊరుకోలేక వెళ్లాను.

"వదినగారూ, మీరు ఇలా రోజూ గారెలూ పులుసులూ పెడితే మావాడు ఆ ఇరుసు కిందే ఉండిపోతాడు."

"ఉంటే మంచిదే కదండి, ఇల్లు వెచ్చగా ఉంటుంది" అంది ఆవిడ. అల్లుడు పడీ పడీ నవ్వాడు. నా మాటలకు వాడు అలా నవ్విన రోజు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను.

గురువారం నేనే కొలతల టేపు పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. నిజం చెప్పాలంటే సాయం చేద్దామని కాదు. ఆవిడ ఇల్లు పూర్తయితే గాని నాది మొదలవదు, ఆవిడ వండుతూ ఉంటే అది పూర్తవదు. మావాడు దూలాల మధ్య ఖాళీ ఒకచోట కొలిచి, అదే కొలతకు బోర్డులన్నీ కోస్తున్నాడు. చెక్క ఇల్లు అంత బుద్ధిగా ఉండదు. ఒక కొసన అంగుళం ఎక్కువ, రెండో కొసన అర అంగుళం తక్కువ. అందుకని కొన్ని బోర్డులు వదులు, కొన్ని దూరడం లేదు. వాణ్ణి రెండు కొసలా కొలిచి పైకి చెప్పమన్నాను. ఆవిడ హాల్లో బల్ల మీద బోర్డు పెట్టి బ్రెడ్డు కోసే కత్తితో నేను కోశాను. నేను కోసిన మొదటి బోర్డు తలుపు గడియలా బిగుసుకుంది.

"మమ్, పర్‌ఫెక్ట్!" అని కింద నుంచి కేక వేశాడు. ఆ ఒక్క మాటకు నేను మధ్యాహ్నం దాకా తలెత్తకుండా కోశాను.

అక్కడే తెలిసింది నాకు. స్నానాల గది ముందు కుళ్లిన పలకలు తీసేసి ఉన్నాయి, మిగిలిన చోట ఊలు లాగేసి ఉంది. నేల అంటే ఇక ఒక పొర చెక్కే. కింద వాడు దగ్గినా పైకి వినబడుతోంది. ఆవిడ వంటింట్లో శనగపప్పు రుబ్బుతూ, మధ్యమధ్య వంగి నేలతో మాట్లాడుతోంది. నేల జవాబు చెబుతోంది. తెలుగులో.

"అత్తయ్యా, నువ్వు తిన్నావా?"

"మీరు తినకుండా నేనెలా తింటాను బాబూ?"

"అట్లా వద్దు. నువ్వు తిను. బీపీ మాత్ర వేసుకోవాలి కదా."

ఉచ్చారణ ఇక్కడ పుట్టిన పిల్లలదే. అత్తగారిని నువ్వు అంటున్నాడు. ఆవిడ పట్టించుకోదు. నేను కత్తి పక్కన పెట్టి విన్నాను.

"అత్తయ్యా, ఈ చెక్క వాసన ఉంది కదా, డాడీ షెడ్డులో ఇదే వాసన. నేను చిన్నప్పుడు అక్కడ కూర్చునేవాణ్ణి. ఏం పని లేదు, ఊరికే. డాడీ మేకు నా చేతిలో పెట్టి పట్టుకో అనేవాడు. అంతే నా పని. మేకు పట్టుకోవడం."

"అయ్యో నా తండ్రీ."

"ఇప్పుడు కూడా హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే చెక్కల దగ్గర కొంచెంసేపు నిలబడతా. కొనడానికి కాదు."

మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో నేను వాణ్ణి ఎన్నిసార్లు అడిగానో, ఎలా ఉన్నావురా అని. "ఫైన్, మమ్." ఎప్పుడడిగినా అంతే. చెక్కల దగ్గర నిలబడతాడని ఆవిడకు చెప్పాడు. ఆవిడకు ఎన్నాళ్లుగా తెలుసో ఇవన్నీ. ఆవిడ ఆశ్చర్యపోలేదు కూడా.

కారణం నాకు తెలుసు. అదే ఇంకా మండిస్తుంది. ముప్పై ఏళ్లు షెఫీల్డ్‌లో ఉన్నా ఆవిడకు ఇంగ్లీషు దుకాణం దాకా, జీపీ డాక్టరు క్లినిక్కు దాకా వచ్చు. అంతకు మించి రాదు. కాబట్టి ఆవిడతో మాట్లాడాలంటే వాడు తెలుగు వెతుక్కోవాలి. వెతుక్కునేటప్పుడు మాటతో పాటు లోపలున్నవేవో కూడా చేతికి తగులుతాయి. నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఆఫీసులో దొరలు రాసిన ఉత్తరాలు దిద్దినదాన్ని. అందుకని నాతో ఇంగ్లీషు చాలు, ఇంగ్లీషులో "ఫైన్" చాలు. ఇంగ్లీషు రానందుకు ఆవిడకు దక్కినది, వచ్చినందుకు నాకు దక్కలేదు. చెంబుతో నీళ్లు పోసుకున్నందుకు ఆవిడ నేల ముందు బాగుపడినట్టే ఇదీనూ.

"వదినగారూ, కళ్లలో ఏదైనా పడిందా? ఆ బోర్డు పొడి మంచిది కాదండి" అంది ఆవిడ.

"పడింది" అన్నాను. మళ్లీ కత్తి తీసుకున్నాను.

బోర్డులు ఒక్కొక్కటే కింద బిగుసుకుంటుంటే వాడి గొంతు దూరమవుతూ వచ్చింది. శుక్రవారం సాయంత్రానికి కింద మనిషి ఉన్నాడో లేడో కూడా తెలియలేదు. ఆవిడ పాత అలవాటుతో వంగి "బాబూ, టీ" అని పిలిచింది. జవాబు రాలేదు. గుమ్మం దాకా వెళ్లి పిలవాల్సి వచ్చింది. ఆవిడ ఇల్లు వెచ్చబడింది. వాడు కొత్త పలకల మీద చెప్పుల్లేకుండా నడిచి చూపిస్తే ఆవిడ చప్పట్లు కొట్టింది.

శనివారం నా ఇంటికి వచ్చాడు. రెండు రోజులే మిగిలాయి. సోమవారం వాడికి ఆఫీసు. నేను పోటీకి వండదలచుకోలేదు, మామూలుగానే ఇడ్లీ పెట్టాను. మధ్యాహ్నానికి ఎలకల గూళ్లూ, ఊలూ అంతా సంచుల్లోకి ఎక్కింది. పైన చెక్క ఒక్కటే మిగిలింది. నేను వంటింట్లో బోర్డులు కోసి, ఇటుక గోడ తలుపు దగ్గర వరుసగా నిలబెట్టి, లోపలికి వచ్చి నిలబడ్డాను.

"మమ్, కెన్ యూ పాస్ ద నెక్స్ట్ వన్?"

నేను పలకలేదు.

"మమ్? కెన్ యూ హియర్ మీ?"

"వినబడట్లేదురా."

ఇంకా గట్టిగా అదే అడిగాడు.

"ఏమిటో, నేల కింద నుంచి ఇంగ్లీషు సరిగ్గా వినబడట్లేదు. ఎదురింట్లో తెలుగు మాత్రం శుభ్రంగా వినబడింది."

 కింద నుంచి నవ్వు వినిపించింది. దూలాల మధ్య నుంచి వచ్చే నవ్వు పాదాలకు తెలుస్తుంది.

"నువ్వు జెలస్, అమ్మా."

"అవును. అయితే ఏం? ఏ బోర్డు కావాలి?"

"నాలుగో నెంబరు." కాసేపాగి, "అత్తయ్య చెప్పింది. నువ్వు ఇంటికి వస్తే ఆవిడకి భయం అంట. అన్నీ కొలుస్తావని."

"కొలవకపోతే నీ బోర్డులు ఈపాటికి ఊడి నీ నెత్తి మీద పడేవి."

"అది కూడా చెప్పింది ఆవిడ. మీ అమ్మ లేకపోతే పని అయ్యేది కాదు అని."

 ఆవిడ నా గురించి మంచి చెప్పడం కూడా నాకు అంత ఇష్టంగా లేదని అప్పుడే తెలిసింది.

ఆ రోజంతా, ఆదివారం పొద్దునంతా వాడు తెలుగులోనే మాట్లాడాడు. మాట దొరకనిచోట ఆగి, ఇంగ్లీషు మాట పెట్టి, మళ్లీ ఎత్తుకునేవాడు. ఆఫీసులో కొత్తగా వచ్చిన పై అధికారి గురించి, మోకాలి నొప్పి గురించి చెప్పాడు. మోకాలి నొప్పి సంగతి ఆవిడకు తెలుసా అని అడగబోయి ఊరుకున్నాను. ఒకసారి, "అమ్మా, రాత్రి నీకు చలి వేస్తుందా? ఒక్కదానివే కదా" అన్నాడు. వేస్తుందన్నాను. అంతకు ముందు ఎవరడిగినా లేదనే చెప్పేదాన్ని.

బోర్డులు పడుతున్నకొద్దీ, ఎదురింట్లో అయినట్టే, హాల్లో వాడి గొంతు పోయింది. పడకగదిలో పోయింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి వంటింటి మూల, సింకు పక్కన ఒక్క ఖాళీ మిగిలింది. దానికి సరిపోయే బోర్డు కోసి ఉంచాను. రెండు కొసలా కొలిచి కోసినదే. అది నా చేతిలోనే ఉంది.

"అమ్మా, లాస్ట్ బోర్డు ఇవ్వు. ఇది అయితే అయిపోయింది."

బోర్డు తీసుకెళ్లి పడకగదిలో బీరువాకీ గోడకీ మధ్య నిలబెట్టి వచ్చాను.

"లేదురా. అయిపోయాయి."

"వాట్? నువ్వే కౌంట్ చేశావ్ కదా?"

"లెక్క తప్పింది."

 నలభై అయిదేళ్లలో వాడు నా నోట వినని మాట అది.

"నువ్వా?"

"నేనే. వయసు మీద పడుతోంది కదా."

వాడు ఏమనుకున్నాడో తెలియదు. ఆ ఖాళీకి తాత్కాలికంగా పట్టా కొట్టి, బయటికి పాకి వచ్చి, బట్టలు దులుపుకుంటూ నా ముఖంలోకి చూశాడు. "సరే. వచ్చే శనివారం వస్తా. ఒక బోర్డు కొనుక్కుని" అన్నాడు, తెలుగులోనే.

వాడు వెళ్లిన కాసేపటికి వియ్యపురాలు బొబ్బట్ల డబ్బాతో వచ్చింది. అల్లుడికని చేసిందట, అప్పటికే వెళ్లిపోయాడని చిన్నబుచ్చుకుంది. లెక్క తప్పి ఒక బోర్డు తక్కువైందని, వచ్చే శనివారం మళ్లీ వస్తాడని చెప్పాను. నా నేల ఎంత వెచ్చగా ఉందో చూస్తానని చెప్పులు విప్పి హాలంతా తిరిగింది. పడకగదిలోకి కూడా వెళ్లింది. లోపల అడుగుల చప్పుడు బీరువా దగ్గర ఆగింది.

బయటికి వచ్చి కుర్చీలో కూర్చుంది. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "లెక్క తప్పారటగా" అంది.

"తప్పాను."

"మా ఇంట్లో ఇప్పుడు కింద పిడుగు పడ్డా వినబడదండి" అంది. "ముందు తెలిస్తే నేనూ ఒకటి దాచుకునేదాన్ని."

ఆవిడ ముఖం చూశాను. వారమంతా నా కిటికీ అద్దంలో నాకు కనబడిన ముఖమే అది.

డబ్బా మూత తీసి ఒక బొబ్బట్టు తిన్నాను. నెయ్యి బాగా పట్టించింది. రెండోది అడిగి మరీ పెట్టించుకున్నాను.